పుర్సా అంటే అడగటం

మన ఇళ్ళల్లో ఎవరైనా పోతే బంధువులు, వాడకట్టువాళ్ళు వచ్చి పుర్సా ఇచ్చి పోతారు. ఆ మాట ఫార్సీది. పుర్సీదన్ అంటే అడగటం. తెలుగువాళ్ళు ఇదే పనిని పలకరింపు అంటారు. "వాళ్ళింటికి పోయి పలకరించి వచ్చాం" అంటారు. అది పలుకులోంచి పుట్టిన మాట. రెండు భాషలూ నాలుక మీద పెట్టుకుని పెరిగినదాన్ని కాబట్టి ఈ పోలిక నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. పోయినవాళ్ళ గురించి అడగాలనీ, ఉన్నవాళ్ళను మాట్లాడించాలనీ రెండు భాషల పెద్దలకూ తెలుసు. మరి ఇవాళ చావింటికి పోయి మనం చేస్తున్నదేమిటి? సబర్ చెప్పి వస్తున్నాం, ధైర్యం చెప్పి వస్తున్నాం. అడిగేవాళ్ళు లేరు.

భర్త పోయిన ఆడమనిషి ఎవరైనా ఇది పడుతూనే ఉంటుంది. ఒకప్పుడు ఆడవాళ్ళ హక్కుల కోసం రోడ్డెక్కిన మనిషికి ఆ గతి పడితే చెప్పేవాళ్ళు రెండు వైపుల నుంచీ వస్తారు. వాళ్ళ గురించీ, వాళ్ళకు ఆ మాటలు నేర్పిన మన సాహిత్యం గురించీ కొంచెం నిక్కచ్చిగా మాట్లాడుకోవాలి.

నాకు తెలిసిన ఒక ఆపా ఉంది. పేరు చెప్పను. చెబితే ఆమెకు మళ్ళీ ఒక వేదిక కట్టి ఎక్కమన్నట్టే. 1985లో షాబానో తీర్పు, మరుసటేడు దాన్ని కాదంటూ పార్లమెంటులో చట్టం వచ్చినప్పుడు ఆమె మా జిల్లా ఊళ్ళల్లో తిరిగి సంతకాలు సేకరించింది. తలాక్ పొందిన ఆడదానికి భరణం ఇస్తే దీన్ కూలిపోతుందా అని అడిగింది. మహర్ అంటే మొగుడు పడ్డ అప్పు, దయ తలచి ఇచ్చే ఈనాం కాదని సభల్లో చెప్పేది. నేనప్పుడు చిన్నపిల్లను. ఇదంతా తర్వాత విని తెలుసుకున్నదే. ఆమె భర్త ఉర్దూ మీడియం బడిలో సార్. ఆమె కరపత్రాలన్నీ ఆయన చేతిరాతే. మంచి ఖుష్‌ఖత్ ఆయనది. మసీదులో పెద్దమనుషులు పిలిచి అడిగితే, నేను రాసిందాంట్లో తప్పులుంటే దిద్దివ్వండి అన్నాడట.

ఆయన పోయినప్పుడు వెళ్ళాను. మూడోనాడు జియారత్‌కీ వెళ్ళాను. బంధువుల మాటలు ఒక పక్క. "సబర్ కరో, అల్లాకీ మర్జీ." ఇది అందరికీ అనే మాటే, తప్పు పట్టను. దాని తోక వేరు. "ఇప్పుడన్నా ఇంటిపట్టున ఉండి నమాజు చేసుకో" అంది ఒక ఫుఫ్ఫూ. "మర్దు నీడ విలువ ఇప్పుడు తెలిసిందా బేటీ" అంది ఇంకొకావిడ, నిజంగానే కళ్ళు తుడుచుకుంటూ. ఇంకో పక్క పాత ఉద్యమంవాళ్ళు. "ఎంతమందికి ధైర్యం చెప్పినవారు, మీరే ఇట్లా అయిపోతే ఎట్లా మేడం?" సంస్మరణ సభ పెడతాం, మీరు మాట్లాడాలి అన్నారు. ఇద్దత్‌లో ఉన్నాను, రాను అంది. వాళ్ళ ముఖాలు మాడిపోయాయి. గేటు దాటగానే ఒకాయన, చివరికి ఈమె కూడా నాలుగు గోడల్లోకే పోయిందన్నాడు. పెద్దగానే అన్నాడు.

ఒకరు ఆమె గతాన్ని తప్పు కింద రాసుకున్నారు. ఇంకొకరు ఆ గతాన్నే అప్పు కింద రాసుకుని వడ్డీతో వసూలుకు వచ్చారు. ఇద్దరికీ అడ్డం వచ్చింది ఆమె ఏడుపే.

ఆ మూడు రోజుల్లో ఆమెను అడిగిన ప్రశ్న ఒక్కటే ఒక్కటి. జనాజా లేచే ముందు ఆమెను మయ్యత్ దగ్గరికి తీసుకొచ్చి, "మహర్ మాఫ్ చేశానని చెప్పు" అన్నారు. మన ఇళ్ళల్లో ఈ తంతు తెలియనివాళ్ళుండరు. తలపక్కన నిలబడి, కఫన్‌లో చుట్టిన మనిషిని చూస్తూ, పదిమంది ఎదుట ఏ ఆడది కాదంటుంది? షరియత్ ప్రకారం మహర్ మరణించినవాడి అప్పుల్లో ఒకటి. వారసులు పంచుకోకముందే ఆస్తిలోంచి తీర్చాలి. అది పోగా భార్యకు పిల్లలుంటే ఎనిమిదో వంతు, లేకపోతే నాలుగో వంతు వాటా. అది ఖురాన్‌లో నాలుగో సూరా చెప్పిన లెక్క. చెల్లని మహర్ కింద భర్త ఆస్తి తన స్వాధీనంలో ఉంటే, బాకీ తీరేదాకా దాన్ని వదలనక్కర్లేదని బ్రిటిష్ కాలం నుంచీ కోర్టులు ఒప్పుకుంటూనే వస్తున్నాయి. ఇంత హక్కును ఓదార్పు పేరు మీద రెండు ముక్కల్లో మాఫ్ చేయించే తెలివి మనది. ఆపా ఏమీ అనలేదు. నోరు విప్పలేదు. బంధువులు దాన్ని పొగరన్నారు. సంస్మరణ సభలో ఒక వక్త దాన్నే శవం ముందు చేసిన ధిక్కారంగా వర్ణిస్తే చప్పట్లు కొట్టారు.

ఈ రెండు చదువులూ ఎక్కడ నేర్చుకున్నాం? ముందు ఉర్దూ వైపు చూస్తాను.

హాలీ 1880ల్లో 'మునాజాతె బేవా' రాశాడు. అప్పటి ఉత్తరాది షరీఫ్ ఖాందాన్లలో వితంతువుకు మళ్ళీ నికా చేయటం నామోషీ. ఇస్లాంలో లేని నామోషీ అది. ఇరుగుపొరుగు పెద్దకులాలను చూసి తెచ్చుకున్నది. హాలీ ఉపన్యాసం ఇవ్వకుండా వితంతువునే నేరుగా దేవుడితో మాట్లాడించాడు. అరబీ ఫార్సీ బరువులు లేని, ఇళ్ళల్లో ఆడవాళ్ళు మాట్లాడే భాషలో మాట్లాడించాడు. 1905లో 'చుప్ కీ దాద్' రాసి ఆడవాళ్ళ మౌనానికి దాద్ అడిగినవాడూ ఆయనే. ఆయన మీద నాకు గౌరవం ఉంది. అయితే ఆ మునాజాత్‌లో గొంతెత్తింది చిన్నతనంలో పెళ్ళయి, కాపురమంటే ఎరగకముందే అంతా పోగొట్టుకున్న పిల్ల. తన బతుకు బుగ్గయినందుకు ఏడుస్తుంది. ఆ పోయినవాడు ఎలా నవ్వేవాడో ఆమెకే తెలియదు, మనకెలా తెలుస్తుంది?

తెలుగు వైపూ అదే. వీరేశలింగం 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించాడు. గురజాడ 'కన్యాశుల్కం' 1892లో రంగం మీదికొచ్చింది, 1909లో ఇప్పుడు మనం చదివే రూపం తీసుకుంది. బుచ్చమ్మ మొగుడి పేరేమిటని, గిరీశం చుట్ట నుంచి మధురవాణి కంటె దాకా నోటికి చెప్పగల నలుగురైదుగురిని అడిగి చూశాను. ఒక్కరూ చెప్పలేదు. గురజాడను తప్పు పట్టటానికి ఈ మాట అనటం లేదు. సంస్కరణకు అప్పుడు కావాల్సింది మొహం లేని మొగుడు. ముసలివాడో, ఎప్పుడో చచ్చినవాడో, ఎవరూ ప్రేమించనివాడో అయితేనే ఆ పిల్లకు మళ్ళీ పెళ్ళి చేయాలన్న వాదం నిలుస్తుంది. వాదం గెలిచింది కూడా. మొహం లేని ఆ మొగుడు మాత్రం మన సాహిత్యంలో నిలిచిపోయాడు. వితంతువు ఒక సమస్యగా దొరుకుతుంది. ఇరవై ముప్ఫై ఏళ్ళు ఒకడితో సంసారం చేసి, పోట్లాడి, నవ్వి, వాణ్ణి మట్టిలో కలిపి వచ్చిన మనిషిగా దొరకటం కష్టం.

(ఒక్క మాట పక్కన పెట్టి పోతాను. చలం 'మైదానం'లో అమీరు చనిపోతాడు. ఆ నవల మీద ఇన్ని పేజీల విమర్శ వచ్చింది కదా. స్వేచ్ఛ గురించి, నీతి గురించి, అమీరు సాయిబు కావటం గురించి తగాదా పడ్డాం. రాజేశ్వరి మొగుడు పోయిన ఆడదని ఎవరైనా జాలిపడ్డారా?)

1990ల్లో మనవాళ్ళు రాయటం మొదలుపెట్టారు. 1993లో 'నీలిమేఘాలు', 1998లో 'జల్జలా' వచ్చాయి. ఒక దాంట్లో మగవాడు నిలదీయాల్సినవాడు. ఇంకో దాంట్లో ముస్లిం మగవాడు ఈ దేశం అనుమానంగా చూసేవాడు. రెండూ రావాల్సిన పుస్తకాలే, వాటి మీద పెరిగినదాన్నే నేను. కానీ ఆ రెంటి మధ్యన ఒక ముస్లిం స్త్రీ తన మొగుణ్ణి తలచుకుని ఏడవటానికి చోటు మిగల్లేదు. ఏడిస్తే మొదటివాళ్ళు లొంగిపోయిందంటారు. మన సొంతవాళ్ళయితే "చూశారా, మా ఆడవాళ్ళు మా దగ్గర సుఖంగానే ఉన్నారు" అని ఆ కన్నీళ్ళను ఊరేగిస్తారు.

పత్రికల్లో పనిచేసేదాన్ని కాబట్టి ఇది రోజూ చూసే సంగతి. ముస్లిం భార్య వార్తగా మారాలంటే ఆమెకు తలాక్ జరగాలి. 1985లో షాబానో, 2017 ఆగస్టులో షాయరాబానో తీర్పు, 2019లో ముమ్మారు తలాక్‌ను నేరం చేసిన చట్టం. ప్రతిసారీ మైకులు మన గల్లీల్లోకి వచ్చాయి. తలాక్ చెప్పిన మొగుడు దేశానికంతా తెలుసు. బస్తాలు మోసి, దర్జీ పని చేసి, బడిలో పాఠాలు చెప్పి చనిపోయిన మొగుడు ఎవరికీ తెలియదు. అతని కోసం ఏడ్చే ఆడది ఎవరి వాదానికీ పనికిరాదు.

దీనికి హైదరాబాదులోనే ఒక ఘోరమైన సాక్ష్యం ఉంది. 1978లో నల్లకుంట పోలీస్ స్టేషన్లో రమీజాబీ మీద అత్యాచారం జరిగింది. నిలదీసిన ఆమె భర్త అహ్మద్ హుసేన్‌ను పోలీసులు కొట్టి చంపారు. రిక్షా తొక్కుకునే మనిషి. ఊరు భగ్గుమంది, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులే దోషులని తేల్చింది. కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయి, 1981లో అక్కడి కోర్టులో అందరూ విడుదలయ్యారు. ఆంధ్రప్రదేశ్ స్త్రీల ఉద్యమ చరిత్ర రాసేవాళ్ళెవరూ ఈ కేసును దాటి పోలేరు, పోకూడదు కూడా. కానీ విచారణలో పోలీసుల తరఫువాళ్ళు పట్టుకున్నదేమిటో గుర్తు చేసుకోండి. ఆమె అసలు అహ్మద్ హుసేన్ భార్యేనా? నికా చెల్లుతుందా? ఆమె శీలం ఎలాంటిది? మొగుడి శవం మీద ఆమెకున్న హక్కును ముందు కొట్టేయాలని చూశారు. మనవైపు రాతల్లో ఆమె అత్యాచార బాధితురాలిగా, పోలీసు రాజ్యానికి సాక్షిగా ఉంది. మొగుడు పోయిన మనిషిగా ఆమెను తలచుకున్న పేరా కోసం నేను చాలా పేజీలు తిప్పాల్సి వచ్చింది. ఆమెకు పుర్సా ఇచ్చినవాళ్ళు ఎవరు?

ఇక ఇద్దత్ సంగతి. మా లౌకిక మిత్రులకు ఇది గొంతులో ముల్లు. భర్త పోయిన స్త్రీకి ఖురాన్ రెండో సూరాలో చెప్పిన గడువు నాలుగు నెలల పది రోజులు. గర్భవతి అయితే కాన్పు దాకా. ఆ గడువులో నికా ఉండదు, సింగారం ఉండదు. దీని చుట్టూ మనవాళ్ళు కట్టిన గోడ వేరే. గాజులు పగలగొట్టటం ఎక్కడిది? నల్లపూసల లచ్చా తెంపటం ఎక్కడిది? అద్దానికి గుడ్డ కప్పటం, ఆకాశం చూడకూడదనటం? పక్కింటి నుంచి తెచ్చుకున్నవి కొన్ని, భయంతో మనమే కల్పించుకున్నవి కొన్ని. అవసరమైన పని మీద పగలు బయటికి పోవటానికి హనఫీ ఫిఖాలోనే వీలుంది. ఈ తేడాలన్నీ ఆపాకు నాకంటే బాగా తెలుసు. ఒకప్పుడు వీటి మీదే ఉపన్యాసాలిచ్చింది. అయినా కూర్చుంది. ఎందుకు కూర్చుందో ఆమెను అడగాలి కదా, గేటు దగ్గర నిలబడి తీర్పులు చెప్పటం కాకుండా.

మూడో నెలలో ఒక మధ్యాహ్నం పోయి కూర్చుని అడిగాను. ఇద్దత్ గురించి ముందే అడగలేదు, దుల్హేభాయ్ గురించి అడిగాను. ఆయన చాయ్‌లో చక్కెర గురించి మొదలై సాయంత్రందాకా సాగింది. మాటల్లో మహర్ సంగతి కూడా వచ్చింది. వాళ్ళ మహర్ రెండువేల అయిదొందలు. ఆయన పెళ్ళయిన కొత్తలోనే నెలనెలా జీతంలోంచి ఇరవై, ముప్ఫై ఇస్తూ తీర్చేశాడు. ప్రతిసారీ ఆమె చేత రసీదు రాయించుకునేవాడట, ఆటపట్టిస్తూ. ఆ నోటుబుక్కు ఇప్పటికీ బీరువాలో ఉంది. ఆమె సభల్లో చెప్పిన "మహర్ అప్పు" అన్న మాట ఆయన ఆ నోటుబుక్కులో మొదటి పేజీ మీద రాసిందేనట. తీరిపోయిన అప్పును మాఫ్ చేయమని అడిగితే ఏం చెప్పాలో తోచక ఊరుకున్నాను అంది. అప్పుడు నోరు తెరిస్తే నవ్వో ఏడుపో ఏది వస్తుందో తెలియలేదట. ఇద్దత్‌కు కూడా ఆమె చెప్పిన కారణం పెద్ద సిద్ధాంతమేం కాదు. నాలుగు నెలలపాటు ఎవరూ నన్ను మాట్లాడమని పిలవలేని చోటు ఇదొక్కటే అంది.

పొగరూ కాదు, ధిక్కారమూ కాదు. ఆ గదిలో ఉన్నది మొగుడూ పెళ్ళాల ఒక పాత పరాచికం.

సబర్ బోధించే మౌల్వీసాబులతో కూడా ఒక మాట. ఉమ్మె సలమా కథ మీరే చెబుతుంటారు, సగంలో ఆపుతారు. మదీనాకు వలస పోయేటప్పుడు ఆమె పుట్టింటి తెగ ఆమెను పట్టి ఉంచింది. భర్త తెగ బిడ్డను లాక్కుంది. భర్త ఒంటరిగా పోవాల్సి వచ్చింది. ఆమె దాదాపు ఏడాదిపాటు రోజూ ఊరి బయటికి వచ్చి కూర్చుని ఏడ్చింది. చివరికి చూడలేక వదిలారు. తర్వాత ఉహద్ యుద్ధంలో తగిలిన గాయం తిరగబెట్టి భర్త అబూ సలమా మరణించాడు. కష్టంలో ఉన్నవాళ్ళు ఇంతకంటే మేలైనది ఇవ్వమని అల్లాను అడుక్కోవాలని ప్రవక్త నేర్పిన దుఆ ఉంది. ఆమె ఆ దుఆ చదివింది. చదువుతూనే, అబూ సలమా కంటే మేలైనవాడు ఎవరుంటారు అనుకుంది. ఈ సంగతి ఆమే చెప్పుకుంది. హదీసుల్లో చెక్కుచెదరకుండా నిలిచింది. శోకాలు పెట్టి ఏడవటాన్ని ప్రవక్త వారించిన మాట నిజమే, అదీ ఆమె కథలోనే ఉంది. మీరు అక్కడ ఆగిపోతారు. కొడుకు ఇబ్రహీం పోయినప్పుడు ఆ ప్రవక్తే కన్నీళ్ళు పెట్టుకున్నారన్నది మళ్ళీ చెప్పరు. తర్వాతి రోజుల్లో ఈ ఉమ్మె సలమాయే ప్రవక్తను అడిగింది, ఖురాన్‌లో మగవాళ్ళ ప్రస్తావన ఉన్నట్టు మా ఆడవాళ్ళ ప్రస్తావన ఎందుకు లేదని. స్త్రీ పురుషులను జంటజంటగా పేర్కొనే ముప్ఫై మూడో సూరా ముప్ఫై అయిదో ఆయత్ ఆ ప్రశ్నకు జవాబుగా దిగిందని తఫ్సీర్లు చెబుతాయి. మొగుడి కోసం అంత ఏడ్చిన నోరే ఆ ప్రశ్న కూడా అడిగింది. మొదటిది రెండోదానికి అడ్డం రాలేదు.

మన దక్కన్‌లో అయితే ఇది పుస్తకం చూడనివాళ్ళకు కూడా తెలియాలి. మొహర్రంలో పీర్లు లేచే ఊళ్ళల్లో కులం మతం లేకుండా అందరూ కర్బలా తలచుకుని ఏడుస్తారు. పాతబస్తీలో బీబీకా ఆలం ఊరేగింపు నాడు నౌహా వినండి. అన్ననూ కన్నకొడుకులనూ పోగొట్టుకుని, సంకెళ్ళలో డమాస్కస్ దర్బారుకు పోయి యజీద్‌ను నిలదీసిన జైనబ్ ఆ ఏడుపులో ఉంటుంది. ఏడుస్తున్నది కాబట్టి ఆమె బలహీనురాలని గాని, దర్బారులో మాట్లాడింది కాబట్టి ఇక ఏడవకూడదని గాని ఎవరూ అనరు. పద్నాలుగు వందల ఏళ్ళ నాటి స్త్రీకి ఇచ్చిన ఆ వెసులుబాటు పక్కింటి ఆపాకు ఎందుకివ్వరు?

పోయిన మొగుడికి మొహం ఇచ్చిన రాత ఉర్దూలో ఉంది, హైదరాబాదులో పెరిగిన మనిషి రాసిందే. షౌకత్ కైఫీ జ్ఞాపకాలు 'యాద్ కీ రహ్‌గుజర్'. 1947లో హైదరాబాద్ ముషాయిరాలో కైఫీ ఆజ్మీ 'ఔరత్' చదివాడు. ఆడది లేచి మగవాడితో సమంగా నడవాలని పిలిచే నజ్మ్. ఆ పిలుపు విని ఆమె నిజంగానే లేచి నడిచింది. ఇంట్లో కుదిరిన సంబంధం కాదని బొంబాయి పోయి పెళ్ళి చేసుకుంది, పార్టీ కమ్యూన్‌లో కాపురం పెట్టింది, ఇప్టాలో, పృథ్వీ థియేటర్‌లో నటించింది. పుస్తకంలో కైఫీ పెద్ద కవిగా తక్కువ కనిపిస్తాడు. జేబులో డబ్బుల్లేని మొగుడుగా, పసిబిడ్డ పోయిన ఇంట్లో తండ్రిగా, 1973లో పక్షవాతం వచ్చి చెయ్యి పడిపోయిన మనిషిగా కనిపిస్తాడు. అతని మీద కోపం వచ్చిన రోజులు కూడా ఆమె దాచలేదు. నాకు ఈ పుస్తకంలో నచ్చింది అదే. ఎక్కడా పాఠకురాలికి ధైర్యం చెప్పాలని ప్రయత్నించదు, ఆదర్శ దాంపత్యం అని బోర్డు పెట్టదు.

కైఫీ 2002లో పోయాడు. తనతో నడవమన్నవాడు లేకుండా షౌకత్ 2019 దాకా, పదిహేడేళ్ళు ఉంది. ఆ ఏళ్ళలో ఆమె దగ్గరికి పోయి అతని గురించి అడిగినవాళ్ళు ఎందరో నాకు తెలియదు. ఆమె మాత్రం చెప్పింది, అతను ఏం తినేవాడో, ఏ పెన్నుతో రాసేవాడో కూడా వదలకుండా.